ఎస్‌టీ లేవకపోయినా నాళం మూసుకుపోయి ఉండొచ్చు: క్యాజువాలిటీలో గుండెపోటును పసిగట్టే పద్ధతి

గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమని గడ్డకట్టి పూర్తిగా మూసుకుపోతే, ఆ నాళం మీద ఆధారపడిన కండరం అప్పటి నుంచే చచ్చిపోవడం మొదలవుతుంది. నాళం ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం మిగులుతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలియనిదల్లా, తెల్లవారుజామున ఆదోనిలోనో కదిరిలోనో రాయచోటిలోనో క్యాజువాలిటీలో పడుకున్న మనిషికి ఆ నాళం ఇప్పుడు మూసుకుపోయి ఉందా, తెరుచుకుని ఉందా అన్నది.

ఇన్నేళ్లూ దీనికి మనం వాడిన కొలత 'స్టెమీ', అంటే ఎస్‌టీ లేచిన గుండెపోటు. ఈసీజీలో క్యూ, ఆర్, ఎస్ అనే మలుపులు కలిసిన నిటారు అల క్యూఆర్‌ఎస్, దాని తర్వాత వచ్చే గుండ్రని అల టీ, ఈ రెంటి మధ్య గీత ఎస్‌టీ. ఈసీజీలో ఎస్‌టీ ఇన్ని మిల్లీమీటర్లు లేస్తే అత్యవసరం, లేవకపోతే 'ఎన్‌స్టెమీ', రేపు చూద్దాం. కానీ ఎన్‌స్టెమీ అని ముద్ర పడినవాళ్లకు తర్వాత యాంజియో చేస్తే, దాదాపు నలుగురిలో ఒకరికి నాళం పూర్తిగా మూసుకుపోయి కనిపించింది. 40 వేల మందికి పైగా రోగుల వివరాలు కలిపి చూసి 2017లో ప్రచురించిన విశ్లేషణ తేల్చిన సంగతి ఇది. వాళ్లలో మరణాలు కూడా ఎక్కువే. అందుకే 2018లో అమెరికా ఎమర్జెన్సీ వైద్యులు స్టీఫెన్ స్మిత్, పెండెల్ మేయర్స్, స్కాట్ వైన్‌గార్ట్ 'ఎస్‌టీ లేచిందా' అన్న ప్రశ్నను పక్కనబెట్టి 'నాళం మూసుకుపోయిందా' అని అడగమన్నారు. దీన్ని ఓఎంఐ అంటారు, అంటే నాళం మూసుకుపోయి వచ్చిన గుండెపోటు. క్యాజువాలిటీ డ్యూటీ డాక్టర్లు, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్లు, స్టాఫ్ నర్సులు, ఈసీజీ తీసేవాళ్లు, 108 సిబ్బంది ఆ ప్రశ్నకు జవాబు ఎలా వెతకాలో వరుసగా చెప్పుకుందాం.

మొదటి అడుగు: ఎవరికి ఈసీజీ తీయాలి

మన జిల్లాల్లో రోగి 'ఛాతీ నొప్పి' అని చెబుతాడని ఎదురుచూడొద్దు. "ఎద పట్టేసినట్టుండాది సార్", "గ్యాస్ ఎగదన్నుతాంది", "రొమ్ము మీద బరువు పెట్టినట్టుండాది", "రెట్ట లాగుతాంది", "దవడలు పీకుతాండాయి" అంటారు. మన దాకా వచ్చేసరికే చాలామంది సోడా తాగి, మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర వేసుకుని, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి ఒక ఇంజక్షన్ వేయించుకుని ఉంటారు. గ్యాస్ మాత్రతో కాస్త తగ్గిందంటే గుండె నొప్పి కాదని అర్థం కాదు. నాలుక కింద మాత్ర పెడితే తగ్గిందంటే గుండె నొప్పేనని కూడా కాదు. ఈ రెండింటినీ పరీక్షలుగా వాడకండి.

షుగర్ ఉన్నవాళ్లు, ఆడవాళ్లు, 70 దాటినవాళ్లు నొప్పి లేకుండానే రావచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం, చెప్పలేని నీరసం ఉంటే చాలు. చల్లని చెమట విలువైన గుర్తు. అయితే ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర చెమట పట్టని మనిషి ఉండడు. కాబట్టి "నీడన ఉన్నా పట్టిందా? ఒళ్లు చల్లబడిందా?" అని విడిగా అడగండి. బీడీ, సిగరెట్, గుట్కా అలవాటున్న ముప్పై ఏళ్ల మగవాళ్లకూ గుండెపోటు వస్తుంది. వయసు చూసి వదిలేయొద్దు.

మనిషి గడప దాటిన 10 నిమిషాల్లో ఈసీజీ చేతిలో ఉండాలి. ఓపీ చీటీ రాయించుకు రమ్మని పంపొద్దు. నడిపించొద్దు. కాగితం బయటికి రాగానే పెన్నుతో దాని మీదే మూడు విషయాలు రాయండి: తీసిన టైం, నొప్పి మొదలైన టైం, ఈసీజీ తీసేటప్పుడు నొప్పి ఉందా, ఉంటే పదికి ఎంత. మూడోది చాలామంది రాయరు. నొప్పి తగ్గాక తీసిన ఈసీజీని, నొప్పి ఉన్నప్పుడు తీసిన ఈసీజీని ఒకే రకంగా చదవకూడదు. ఎందుకో కింద నాలుగో అడుగులో 'వెల్లెన్స్' అనే నమూనా దగ్గర తెలుస్తుంది.

రెండో అడుగు: కాగితం సరిగ్గా ఉందా

తప్పుగా తీసిన ఈసీజీని ఎంత బాగా చదివినా జవాబు తప్పే వస్తుంది. కాలిబ్రేషన్ గుర్తు 10 మి.మీ. ఎత్తుండాలి, కాగితం వేగం సెకనుకు 25 మి.మీ. ఎవరో మెషిన్‌ను సగానికి, అంటే 5 మి.మీ.కి పెట్టి వదిలేసి ఉంటే 1 మి.మీ. లేచిన ఎస్‌టీ అర మిల్లీమీటరుగా కనబడుతుంది. ఫిల్టర్ విషయంలోనూ జాగ్రత్త. గీత అందంగా రావాలని 40 హెర్ట్జ్ ఫిల్టర్ పెడితే క్యూఆర్‌ఎస్ చివరి సన్నని మలుపులు చదునవుతాయి. ఫిల్టర్ కింది హద్దును 0.5 హెర్ట్జ్‌కు పెడితే ఎస్‌టీయే మారిపోవచ్చు. 0.05 నుంచి 150 దాకా ఉంచి, వణుకు తగ్గించాలంటే రోగికి దుప్పటి కప్పండి, చేతులు వదులుగా పెట్టించండి.

చెమట తుడిచి, జెల్ పలుచగా రాసి, ఒక బల్బు జెల్ పక్క బల్బు జెల్‌తో కలవకుండా చూడండి. కలిస్తే వీ2, వీ3, వీ4 మూడూ ఒకేలా వస్తాయి. (లీడ్ అంటే గుండెను ఒక్కో దిక్కు నుంచి చూసే గీత; వీ1 నుంచి వీ6 ఛాతీ మీదివి, 1, 2, 3, ఏవీఆర్, ఏవీఎల్, ఏవీఎఫ్ చేతులు కాళ్లవి.) వీ1, వీ2 నాలుగో పక్కటెముకల సందులో ఉండాలి. చేత్తో రొమ్ము ఎముక మీది గుబ్బను తడిమి చూస్తే రెండో పక్కటెముక దొరుకుతుంది, అక్కడ నుంచి కిందికి లెక్కపెట్టండి. రెండో సందులో పెడితే లేని క్యూ వేవ్‌లు, లేని టీ తలకిందులు పుట్టుకొస్తాయి. ఆడవాళ్లకు వీ4, వీ5, వీ6 రొమ్ము కింద పెట్టాలి. లీడ్ 1 మొత్తం తలకిందులుగా ఉండి ఏవీఆర్ పైకి ఉంటే చేతుల వైర్లు మారాయి. మార్చి మళ్లీ తీయండి.

సింగిల్ ఛానల్ మెషిన్ అయితే పట్టీని ముక్కలు చేసి అతికించేటప్పుడే లీడ్ పేర్లు రాయండి. తర్వాత గుర్తుపట్టి రాస్తామనుకుంటే ఏవీఎల్, ఏవీఎఫ్ తారుమారయ్యే ప్రమాదం ఉంది. ఈ చదువులో ఏవీఎల్ లేకుండా పని జరగదు.

మూడో అడుగు: చదివే తీరు

అంతర్జాతీయంగా ఒప్పుకున్న స్టెమీ కొలతలు ముందు తెలిసి ఉండాలి. క్యూఆర్‌ఎస్ ముగిసి ఎస్‌టీ మొదలయ్యే చోటును జే పాయింట్ అంటారు. క్యూఆర్‌ఎస్ మొదలయ్యే చోటుతో పోల్చి ఈ జే పాయింట్ ఎంత లేచిందో కొలవాలి. పక్కపక్క రెండు లీడ్లలో 1 మి.మీ. లేవాలి. వీ2, వీ3లకు మాత్రం 40 దాటిన మగవాళ్లకు 2 మి.మీ., 40 లోపు మగవాళ్లకు 2.5, ఆడవాళ్లకు 1.5. ఈ కొలతలు దాటి, కథ సరిపోతే ఇక ఆలోచన అక్కర్లేదు, నేరుగా చికిత్సకు వెళ్లండి.

దాటనప్పుడే అసలు పని మొదలవుతుంది. అప్పుడు గడులు లెక్కపెట్టడం మానేసి పొంతన చూడండి. లీడ్ 3లో క్యూఆర్‌ఎస్ మొత్తం 4 మి.మీ.లే ఉంటే, అక్కడ అర మిల్లీమీటరు లేవడం పెద్ద విషయం. వీ2లో ఎస్ వేవ్ 30 మి.మీ. లోతుంటే, అక్కడ 3 మి.మీ. లేచినా మామూలు కావచ్చు. ఎస్‌టీని గానీ టీ వేవ్‌ను గానీ ఎప్పుడూ దాని పక్కనున్న క్యూఆర్‌ఎస్‌తో తూచాలి.

తర్వాత ఎదురు లీడ్లు చూడండి. ఒకవైపు కండరం దెబ్బతింటే ఎదురువైపు లీడ్లో ఎస్‌టీ కిందికి దిగుతుంది. ఈ ఎదురు మార్పు చాలాసార్లు అసలు మార్పు కంటే ముందే, దానికంటే స్పష్టంగా కనబడుతుంది. మెషిన్ 'నార్మల్ ఈసీజీ' అని అచ్చువేసిందా, వేయనీ. ఆ మాట చదివి కాగితం పక్కన పడేయకండి.

నాలుగో అడుగు: స్టెమీ కొలతకు అందని మూసివేతలు

కింది గోడ. ముందు ఏవీఎల్ చూడండి. లీడ్ 3 దాదాపు దానికి ఎదురు. ఏవీఎల్‌లో ఎస్‌టీ కాస్త దిగి, టీ తలకిందులై ఉందా? ఉంటే లీడ్ 3లోకి తిరిగి వెళ్లి, ఎస్‌టీ కొద్దిగా లేచిందేమో, టీ వేవ్ క్యూఆర్‌ఎస్ కంటే లావుగా ఉందేమో చూడండి. రెండూ ఉంటే ఒక్క మిల్లీమీటరు కూడా లేవకపోయినా కింది గోడ నాళం మూసుకుపోయిందనే అనుకోవాలి. ఎడమ జఠరిక లావెక్కి ఏవీఎల్‌లో క్యూఆర్‌ఎస్ బాగా ఎత్తుగా ఉంటే మాత్రం ఈ గుర్తును నమ్మలేం. పెరికార్డైటిస్‌లో, అంటే గుండె పై పొర వాచినప్పుడు, ఏవీఎల్‌లో ఎస్‌టీ దిగదు. లీడ్ 2, 3, ఏవీఎఫ్ లేచి ఏవీఎల్ దిగిన మనిషికి 'పెరికార్డైటిస్' అని రాసి ఇంటికి పంపడం ప్రాణాంతకమైన పొరపాటు.

కింది గోడ అనుమానం రాగానే కుడివైపు వీ4ఆర్ తీయండి. వీ4 పెట్టే చోటుకు అద్దంలా కుడివైపు, ఐదో సందులో. అక్కడ అర మిల్లీమీటరు లేచినా కుడి జఠరిక దెబ్బతిన్నట్టే. వీళ్లకు నాలుక కింద నైట్రేట్ పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. పెట్టొద్దు. బీపీ తగ్గితే సెలైన్ ఇవ్వండి.

వెనక గోడ. అన్నిటికంటే ఎక్కువగా జారిపోయేది ఇదే. మామూలు 12 లీడ్లలో ఒక్కటి కూడా వీపు వైపు లేదు. అందుకే వెనక గోడ ఎస్‌టీ లేవడం ముందు వైపు లీడ్లలో దిగడంగా కనబడుతుంది. వీ1 నుంచి వీ4 వరకు ఎస్‌టీ దిగి, ఎక్కువ దిగుడు అక్కడే ఉంటే, 'ఇస్కీమియా, రేపు చూద్దాం' అనొద్దు. దాన్ని వెనక గోడ మూసివేతగానే తీసుకోండి. దిగుడు వీ5, వీ6, లీడ్ 2లో ఎక్కువగా ఉంటే కథ వేరు, దాని గురించి కింద ఏవీఆర్ దగ్గర చెప్తాం.

నిర్ధారణకు వీ4, వీ5, వీ6 వైర్లనే తీసుకెళ్లి, వీ6 ఉన్న ఎత్తులోనే, చంక వెనక గీత మీద వీ7, భుజఫలకం కింది కొస దగ్గర వీ8, వెన్నెముక పక్కన వీ9 పెట్టండి. రోగిని కుడివైపు తిప్పి పడుకోబెడితే సులువు. కాగితం మీద వీ4 అని అచ్చవుతుంది కాబట్టి కొట్టేసి వీ7 అని రాయండి. అర మిల్లీమీటరు చాలు. వీపు మీద గీతలు చిన్నగా వస్తాయి, కండరాలు, ఊపిరితిత్తి అడ్డం కదా. వీ7 నుంచి వీ9 వరకు ఏమీ లేవలేదని ముందు లీడ్ల దిగుడును కొట్టిపారేయకండి.

ముందు గోడ తొలి నిమిషాలు. ముందు గోడకు రక్తం ఇచ్చే నాళాన్ని ఎల్‌ఏడీ అంటారు. అది మూసుకుపోయిన మొదటి నిమిషాల్లో ఎస్‌టీ కంటే ముందు టీ వేవ్ మారుతుంది. ఎత్తు ఒక్కటే చూడొద్దు. అడుగు వెడల్పై, రెండు వైపులా సమానంగా, పక్కనున్న క్యూఆర్‌ఎస్‌ను మింగేసేంత లావుగా ఉంటుంది. పాత ఈసీజీ ఉంటే ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఫోటో ఉందేమో అడగండి, చాలామంది వాట్సాప్‌లో దాచుకుంటారు. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఎస్‌టీ లేవకుండా కిందికి దిగి, అక్కడి నుంచి ఏటవాలుగా పైకెక్కి, వీ2 నుంచి వీ5 వరకు ఎత్తైన సమానమైన టీ వేవ్‌లో కలిస్తే దాన్ని డి వింటర్ నమూనా అంటారు. 2008లో వర్ణించారు. ఇదీ ఎల్‌ఏడీ మూసివేతే.

యువకుల్లో జబ్బేమీ లేకుండానే ఎస్‌టీ కాస్త లేచి కనబడే ఎర్లీ రీపోలరైజేషన్‌తో ముందు గోడ మూసివేత కలిసిపోతుంది. తేల్చడానికి కొన్ని గుర్తులున్నాయి. కింది లీడ్లలో ఎస్‌టీ దిగినా, వీ2 నుంచి వీ4లో క్యూ వేవ్ ఉన్నా, ఎస్‌టీ గుమ్మటంలా పైకి ఉబ్బినా అది ఎర్లీ రీపోలరైజేషన్ కాదు. ఇంకొకటి, వీ3లో ఎస్ వేవ్ పూర్తిగా మాయమై, జే పాయింట్ దగ్గర చిన్న గుబ్బ కూడా లేకుండా ఆర్ నుంచి నేరుగా ఎస్‌టీలోకి వెళ్తే ఎల్‌ఏడీ మూసుకుపోయిందనుకోండి.

పై పక్క గోడ. లీడ్ 1, ఏవీఎల్, వీ2 మూడూ కొద్దిగా లేచి, లీడ్ 3 దిగి ఉంటుంది. ఏవీఎల్, వీ2 పక్కపక్క లీడ్ల కింద లెక్కకు రావు కాబట్టి 'పక్కపక్క లీడ్లు' అన్న నియమానికి అందక జారిపోతుంది. ఎల్‌ఏడీ నుంచి చీలే డయాగనల్ కొమ్మ మూసుకుపోయినప్పుడు ఇలా వస్తుంది.

ఎల్‌బీబీబీ, పేస్‌మేకర్. ఎల్‌బీబీబీ అంటే గుండెలో ఎడమవైపు కరెంటు దారికి అడ్డు పడటం. అది కొత్తగా వచ్చినంత మాత్రాన గుండెపోటని ఇప్పుడెవరూ అనరు. 1996లో సగార్బొస్సా చెప్పి, 2012లో స్మిత్ సవరించిన మూడు నియమాలు వాడండి. క్యూఆర్‌ఎస్ పైకున్న లీడ్లో ఎస్‌టీ కూడా 1 మి.మీ. పైకి లేవడం ఒకటి. వీ1 నుంచి వీ3లో క్యూఆర్‌ఎస్ కిందికున్నచోట ఎస్‌టీ కూడా 1 మి.మీ. దిగడం రెండు. ఎస్ వేవ్ లోతులో నాలుగో వంతు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఎస్‌టీ లేవడం మూడు; ఈ మూడోదానికి ఎస్‌టీ కనీసం 1 మి.మీ. అయినా లేచి ఉండాలి. ఉదాహరణకు ఎస్ 16 మి.మీ. ఉంటే 3 వరకు మామూలు, 4 లేస్తే కాదు. మూడింట్లో ఏ ఒక్కటి, ఒక్క లీడ్లో ఉన్నా చాలు.

వెల్లెన్స్. ఈ నమూనా కనబడే రోగికి నొప్పి పూర్తిగా తగ్గిపోయి ఉంటుంది. వీ2, వీ3లో టీ వేవ్ పైకెక్కి కిందికి దిగుతూనో, లోతుగా తలకిందులైనో కనబడుతుంది. మూసుకున్న ఎల్‌ఏడీ దానంతట అదే తెరుచుకున్న గుర్తు ఇది. మళ్లీ ఏ క్షణమైనా మూసుకోవచ్చు. 'నొప్పి తగ్గింది కదా, ట్రెడ్‌మిల్ చేద్దాం' అని బయటి ల్యాబ్‌కు పంపితే బెల్ట్ మీదే గుండె ఆగవచ్చు. చేర్చుకోండి, మానిటర్ పెట్టండి. మళ్లీ నొప్పి వచ్చి ఈసీజీ తీస్తే, తలకిందులైన టీ నిటారుగా నిలబడి 'నార్మల్' అయినట్టుంటే సంతోషించొద్దు. నాళం మళ్లీ మూసుకుపోయిందని అర్థం. నొప్పి ఉందా లేదా అని ప్రతి కాగితం మీదా రాయమన్నది ఇందుకే.

ఏవీఆర్ లేచి, మిగతావన్నీ దిగితే. ఇది మూసివేత కాకపోవచ్చు. ఎడమ ప్రధాన నాళమో మూడు నాళాలో సన్నబడి ఉండొచ్చు. లేదా గుండె బాగానే ఉండి, రక్తం బాగా తగ్గడం, కడుపులో రక్తస్రావం, ఆక్సిజన్ పడిపోవడం, గుండె మరీ వేగంగా కొట్టుకోవడం వల్ల ఇలా కావొచ్చు. కనురెప్ప లోపల ఎరుపు చూడండి, మలం నల్లగా వస్తోందా అడగండి, హిమోగ్లోబిన్ చూడండి. ఇలాంటి మనిషికి గడ్డ కరిగించే మందు ఇస్తే రక్తస్రావంతో ప్రాణం పోవచ్చు.

ఐదో అడుగు: మళ్లీ తీయడం

ఒక్క ఈసీజీ ఒక్క నిమిషం సంగతే చెబుతుంది. నాళం మూసుకోవడం, తెరుచుకోవడం గంటలో ఎన్నిసార్లయినా జరగవచ్చు. నొప్పి ఉండి మొదటి ఈసీజీ తేలకపోతే మొదటి గంటలో ప్రతి 15 నిమిషాలకు తీయండి. నొప్పి పెరిగితే అప్పటికప్పుడు తీయండి. ఎలక్ట్రోడ్ స్థానాల చుట్టూ పెన్నుతో గుండ్రంగా గుర్తు పెట్టుకుంటే రెండోసారి అదే చోట పడతాయి, పోల్చడానికి వీలవుతుంది.

ఉదాహరణకు 52 ఏళ్ల రైతు రాత్రి 11:05కి వచ్చాడనుకుందాం. నొప్పి పదికి 7. మొదటి కాగితంలో ఏవీఎల్‌లో టీ మాత్రమే తలకిందులు. 11:20కి లీడ్ 3లో టీ లావయింది, ఎస్‌టీ అర మిల్లీమీటరు. 11:35కి ఏవీఎల్‌లో ఎస్‌టీ దిగింది, వీ2లో కూడా దిగింది. ఇప్పటికీ స్టెమీ కొలత దాటలేదు. కానీ మూడు కాగితాలు వరుసగా పెడితే కింది గోడ, వెనక గోడ నాళం మూసుకుపోతూ ఉందని కనబడుతుంది. 11:35కి ఫోన్ చేయాలి, 1 మి.మీ. వచ్చేదాకా ఆగకూడదు.

ఆరో అడుగు: ట్రోపోనిన్, ఎకో

ట్రోపోనిన్ కండరం చచ్చిన సంగతి చెబుతుంది, నాళం సంగతి చెప్పదు. కార్డు పరీక్షలో తేలడానికి నొప్పి మొదలై కనీసం మూడు నాలుగు గంటలు పట్టొచ్చు. గంట కిందట నాళం మూసుకుపోయిన మనిషికి నెగెటివ్ వస్తుంది. కాబట్టి అనుమానం గట్టిగా ఉన్నచోట దాని కోసం ఆగొద్దు. ఎకో చేయగలవాళ్లు ఉంటే, నొప్పి ఉన్నప్పుడే చేసి గోడ కదలిక చూడటం ఎంతో మేలు.

ఈసీజీ ఎలా ఉన్నా ఒక నియమం మరవొద్దు. గుండె నొప్పేనని నమ్మకం ఉండి, మందులిచ్చినా తగ్గకపోతే, లేదా బీపీ పడిపోతున్నా, ప్రమాదకరమైన లయలు వస్తున్నా, రెండు గంటల్లోపు యాంజియో చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మార్ఫిన్ ఇచ్చి నొప్పి మాయం చేసి, తగ్గిందని రాయడం మోసపోవడమే. మూసుకున్న నాళం అలాగే ఉంటుంది. యాంజియోకు పంపాలని తేల్చుకున్నాకే మార్ఫిన్ ఇవ్వండి.

ఏడో అడుగు: గుండెపోటులా కనబడేవి

మన ప్రాంతానికి సంబంధించినవి ముందు చెప్తాం. ఎర్ర తేలు కుడితే విషం వల్ల శరీరంలో అడ్రినలిన్ ఉప్పెనలా పెరిగి గుండె కండరమే దెబ్బతింటుంది. ఎస్‌టీ లేవడం, దిగడం, టీ ఎత్తుగా రావడం అన్నీ కనబడతాయి. చెమటలు, చల్లబడిన చేతులు, వాంతులు, ఊపిరితిత్తుల్లో నీరు కూడా ఉంటాయి. పొలంలోనో, కట్టెలు తీస్తున్నప్పుడో ఏదైనా కుట్టిందా అని తప్పక అడగండి. దీనికి ప్రాజోసిన్ కావాలి, గడ్డ కరిగించే మందు కాదు. పచ్చగన్నేరు కాయలు తిన్నవాళ్లకు గుండె వేగం పడిపోయి, బ్లాక్‌లు వచ్చి, ఎస్‌టీ గరిటెలా వంగి దిగుతుంది. ఇంట్లోవాళ్లు సంకోచించి చెప్పరు, పక్కకు పిలిచి మెల్లగా అడగండి.

డయాలసిస్ తప్పిన కిడ్నీ రోగికి పొటాషియం పెరిగితే టీ వేవ్ సూదిగా, అడుగు సన్నగా లేస్తుంది. ఎస్‌టీ కూడా లేవచ్చు. 10 శాతం క్యాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. సిరలోకి నెమ్మదిగా ఇచ్చి కొద్ది నిమిషాలకు మళ్లీ ఈసీజీ తీస్తే మార్పు తెలిసిపోతుంది.

బృహద్ధమని చీలికను ఎవరూ మరవకూడదు. నొప్పి మొదటి క్షణంలోనే తారస్థాయిలో ఉండి వీపులోకి చీల్చుకుపోతుంది. రెండు చేతుల బీపీ చూడండి. 20 కంటే ఎక్కువ తేడా ఉంటే ఆగండి. గడ్డ కరిగించే మందు ఇక్కడ ప్రాణం తీస్తుంది.

ఎనిమిదో అడుగు: తేలాక ఏం చేయాలి

ఆస్పిరిన్ 325 మి.గ్రా. నమిలించండి. క్లోపిడోగ్రెల్ 300, అటార్వాస్టాటిన్ 80. ఆక్సిజన్ 90 శాతం కంటే తగ్గితేనే ముక్కుకు ఆక్సిజన్. సిరలోకి సూది ఎడమ చేతికి పెట్టండి. కుడి మణికట్టు యాంజియో చేసేవాళ్లకు కావాలి. తుంటికి, భుజానికి కండరంలోకి ఏ ఇంజక్షనూ వద్దు. గడ్డ కరిగించే మందు ఇచ్చాక అక్కడే రక్తం చేరి ఉబ్బుతుంది. డైక్లోఫెనాక్ అయితే గుండెకూ మంచిది కాదు. వయాగ్రా రకం మాత్ర వేసుకున్నారా అని అడిగాకే నైట్రేట్. డీఫిబ్రిలేటర్ మంచం పక్కనే ఉండాలి.

తర్వాత దూరం లెక్క. స్టెమీ అని తేలిన నిమిషం నుంచి 120 నిమిషాల్లోపు నాళంలోని అడ్డును వైరు దాటగలిగితే నేరుగా యాంజియోప్లాస్టీయే మేలు. ఈ లెక్కలో ప్రయాణం ఒక్కటే వేయొద్దు. ఆదోని నుంచి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. అంబులెన్స్ రావడం, ఎక్కించడం, అక్కడ గేటు నుంచి క్యాథ్‌ల్యాబ్ (యాంజియో చేసే గది) టేబుల్ దాకా పట్టే టైం, రాత్రయితే టీమ్ ఇంటి నుంచి రావడం, అన్నీ కలిపితే రెండు గంటలు దాటిపోతాయి. రాయదుర్గం, కదిరి, పులివెందుల, బద్వేలు ఎక్కడివాళ్లయినా తమ ఊరి లెక్క ముందే వేసి గోడకు అంటించండి. ఏ ఆసుపత్రిలో అర్ధరాత్రి క్యాథ్‌ల్యాబ్ తెరుస్తారో, ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కింద ఎక్కడ చేస్తారో ఫోన్ నంబర్లతో సహా రాసి ఉంచండి.

రెండు గంటలు దాటేలా ఉండి, నొప్పి మొదలై 12 గంటల్లోపు అయి, స్టెమీ స్పష్టంగా ఉంటే ఇక్కడే గడ్డ కరిగించే మందు టెనెక్టెప్లేజ్ ఇచ్చి పంపాలి. బరువు 60 కిలోల లోపు 30 మి.గ్రా., 60 నుంచి 69 వరకు 35, 70 నుంచి 79 వరకు 40, 80 నుంచి 89 వరకు 45, 90 పైన 50. ఒకే దఫా, 5 నుంచి 10 సెకన్లలో. వయసు 75 దాటినవాళ్లకు సగం డోసు, వాళ్లకు క్లోపిడోగ్రెల్ కూడా 75 మి.గ్రా.లే. డెక్స్‌ట్రోజ్ పోతున్న లైన్లో ఇవ్వొద్దు, మందు పొడి కడుతుంది. సెలైన్‌తో కడిగి ఇవ్వండి. వెంట, కొత్త గడ్డలు కట్టనీయని మందు ఎనాక్సాపారిన్ 30 మి.గ్రా. సిరలోకి, 15 నిమిషాల్లోపు కిలోకు 1 మి.గ్రా. చర్మం కింద. 75 దాటితే సిరలోకి వద్దు, చర్మం కింద కిలోకు 0.75. టెనెక్టెప్లేజ్ లేనిచోట స్ట్రెప్టోకైనేజ్ 15 లక్షల యూనిట్లు 30 నుంచి 60 నిమిషాల్లో. బీపీ పడుతుంది, వేగం తగ్గించాలి. ఇంతకుముందు ఎప్పుడైనా అది తీసుకున్నవాళ్లకు మళ్లీ ఇవ్వకూడదు.

ఇచ్చేముందు నోటితో అడగాల్సినవి: ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయిందా, ఆరు నెలల్లో పక్షవాతం వచ్చిందా, తలకు పెద్ద దెబ్బ తగిలిందా, ఇప్పుడు రక్తం పోతోందా. బీపీ 180/110 పైన ఉంటే ముందు దాన్ని దించాలి.

స్టెమీ కొలత దాటని ఓఎంఐకి ఈ మందు సొంత నిర్ణయంతో ఇవ్వొద్దు. ఎస్‌టీ లేచినవాళ్ల మీద జరిగిన ప్రయోగాల్లోనే దీని మేలు రుజువైంది. వెనక గోడ, డి వింటర్ లాంటివాటిలో కార్డియాలజిస్టుతో మాట్లాడి, ఆయన చెబితే ఇవ్వాలి. మిగతావాళ్లను అదే తొందరతో క్యాథ్‌ల్యాబ్‌కు తరలించాలి.

ఫోన్‌లో ఎలా చెప్పామన్నదీ ముఖ్యమే. 'ఎన్‌స్టెమీ సార్, పంపుతున్నాం' అంటే అవతల రేపటి జాబితాలో రాసుకుంటారు. "52 ఏళ్లు, నొప్పి రెండు గంటలుగా తగ్గలేదు, వీ2 నుంచి వీ4 ఎస్‌టీ దిగింది, వీ8లో అర మిల్లీమీటరు లేచింది, వెనక గోడ నాళం మూసుకుపోయిందని అనుమానం, ఇప్పుడే యాంజియో కావాలి" అనండి. ఈసీజీ ఫోటోలు కాగితం చదునుగా పరిచి, నీడ పడకుండా, కాలిబ్రేషన్ గుర్తు కనిపించేలా, టైం వరుసలో పంపండి. కాగితాల అసలు ప్రతులు రోగి వెంట వెళ్లాలి, మందు ఇచ్చిన టైం, డోసు పైన పెద్దక్షరాలతో రాసి.

గడ్డ కరిగించే మందు ఇచ్చామని నిశ్చింతగా ఉండకూడదు. 60 నుంచి 90 నిమిషాల మధ్య, దారిలో ఉన్నా సరే, అంబులెన్స్ ఆపి ఈసీజీ తీయాలి. ఎక్కువ లేచిన లీడ్లో ఎస్‌టీ కనీసం సగానికి దిగి, నొప్పి పోతే నాళం తెరుచుకున్నట్టు. వాళ్లకు 2 నుంచి 24 గంటల్లోపు యాంజియో. సగానికి దిగకపోతే మందు పనిచేయలేదు. అప్పుడు అంబులెన్స్‌లో నుంచే అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి, వార్డుకు కాదు, నేరుగా క్యాథ్‌ల్యాబ్‌కు తీసుకొస్తున్నామని చెప్పాలి.